కొండ మీద నగరం కట్టాను, నీళ్ళు ఎక్కడివని అడిగారు

ఆదివారం_పాచికలు
అనంతపురంలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఐదుగురు ఆటగాళ్ళతో పాత్రల ఆట నడుపుతున్నాను, అంటే నేను ఒక ఊహాలోకాన్ని వర్ణిస్తుంటే వాళ్ళు అందులో తలా ఒక పాత్రగా పాచికలు వేస్తూ ఆడతారు. కొత్త కథ కోసం మూడు వారాలు కూర్చుని నీలశిల అనే నగరాన్ని తయారు చేశాను. నల్లని కొండ, దాని మీద ఏడు ప్రాకారాలు, నలభై వేల జనాభా, చీకటి పడగానే వాటంతట అవే వెలిగే దీపస్తంభాలు, పద్నాలుగు తరాల రాజుల వంశవృక్షం, అన్నీ రాసుకున్నాను. ఆటగాళ్ళు మొదటి ద్వారం దాటారో లేదో, మా చిన్నాన్న కూతురు "కొండ మీద ఇంతమంది ఉండారు గదా, నీళ్ళు యాడ్నుంచి వస్తాయి?" అని అడిగింది. మా చిన్నాన్న నాలుగు బోర్లు వేయించి నాలుగింటిలోనూ దుమ్మే చూసిన మనిషి, కాబట్టి ఆ ప్రశ్న వేళాకోళానికి వచ్చింది కాదు. బావులున్నాయని చెప్పాను. "ఎన్ని అడుగులు?" అంది. ఆ తరువాత గంటసేపు ఎవరూ పాచిక వేయలేదు, నగరం గురించి నేను చెప్పిన ఏ మాటనూ ఎవరూ నమ్మలేదు. ఆటగాళ్ళు నమ్మే నగరాన్ని కట్టాలంటే అసలు ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గుత్తి_పాసింజరు
ఎన్ని అడుగులని అడిగిన ఆ అమ్మాయి పాత్రకు ముందుగా వంద అనుభవ పాయింట్లు రాయండి. మీ పద్నాలుగు తరాల రాజుల్లో ఒక్కరికైనా దాహం వేసి ఉంటే మీకు ఈ అవస్థ వచ్చేది కాదు.

మూడోతరం_మాంత్రికుడు
దీపాలు వాటంతట అవే వెలిగే ఊళ్ళో నీళ్ళు వాటంతట అవే రావడానికి అభ్యంతరం ఏమిటో నాకు అర్థం కావడం లేదు. కొండ నడుమ ఒక జలమణి ఉందని, నీళ్ళన్నీ దాని నుంచే ఊరుతాయని చెప్పి ఉంటే అరనిమిషంలో విషయం తేలిపోయేది. ఆటగాళ్ళు ఆదివారం పూట వచ్చేది రాక్షసులను కొట్టడానికే తప్ప నీటి సరఫరా మీద సమీక్షా సమావేశం పెట్టుకోవడానికి కాదు. ఇటువంటి వివరాల్లోకి దిగితే ఆట చచ్చిపోతుందని పన్నెండేళ్ళుగా ఆట నడుపుతున్న అనుభవంతో చెబుతున్నాను.

కపిలబావి
మాంత్రికుడు గారి జలమణిని నేను కాదనను. అయితే ఆ మణి ఎవరి చేతిలో ఉంటుంది, దాన్ని తిప్పేవాడికి జీతం ఎవరిస్తారు, వాడికి జ్వరం వస్తే ఊరు ఏం తాగుతుంది అన్న ప్రశ్నలు మణి ఉన్నంత మాత్రాన పోవు. మన పల్లెల్లో చెరువు కింద నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ముందు నీళ్ళు వదలాలో అతని చేతి మీదుగా జరిగేది, అందుకు రైతులు పంట మీద కొంత గింజ కొలిచి ఇచ్చేవారు. మీ మాంత్రికుణ్ణి నీరుగంటిగా ఊహించండి. అప్పుడు మంత్రం ఉన్నా ఊరు ఊరులాగే ఉంటుంది, పైగా మొదటి తగాదా మీకు ఉచితంగా దొరుకుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగినందుకు నా సలహా ఇది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువును కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళకు వంద బండ్లు పనిచేయగా రెండేళ్ళు పట్టిందని అందులో రాసి ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా రాశారు. ధర్మం తెలిసి ధనం ఉన్న రాజు, నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి మట్టి నేల, దగ్గరలో రాతి గని, పనితనం ఉన్న మనుషులు, ఇవి ఆ పన్నెండింటిలోవి. దోషాల్లో ఒకటి నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉండకూడదట. మట్టి గురించి, కట్ట గురించి చెబుతూ చెబుతూ, ఇద్దరు రాజుల మధ్య పడితే ఎంత గట్టి చెరువైనా నిలవదన్న సంగతిని కూడా అదే వరుసలో చేర్చినవాడు ఊరంటే ఏమిటో తెలిసినవాడు. మీ నగరానికి ఆ పన్నెండింటిలో పది ఇవ్వండి, ఆరు దోషాల్లో ఒకదాన్ని కావాలని పెట్టండి. కథ ఆ దోషంలో నుంచి కారుతుంది.

గుత్తి_పాసింజరు
ఈసారి నవ్వులాటకు రాయడం లేదు. మా గుత్తి కోట మీరు కట్టిన నీలశిలకు అన్నలాంటిది. కొండ మీద కోట, వరుసగా ద్వారాలు, రాతిలో తొలిచిన బావులు, కొలనులు అన్నీ ఉన్నాయి. 1770ల్లో హైదరాలీ ముట్టడించినప్పుడు లోపల ఉన్న మరాఠా దొర మురారిరావు లొంగిపోవలసి వచ్చింది, ఎందుకంటే పైన నీళ్ళు అయిపోయాయి. అంత ఎత్తు కోట దాహానికి దిగివచ్చింది. కాబట్టి మాంత్రికుడు గారు వద్దంటున్న ఆ సమీక్షా సమావేశం రాక్షసులను కొట్టడం కంటే ఉత్కంఠగా ఉండే అవకాశం ఉంది.

మూడోతరం_మాంత్రికుడు
ముట్టడి కథ అయితే నీళ్ళు కథలో భాగమవుతాయి, ఒప్పుకుంటాను. ముట్టడి లేని ఆదివారాల మాటేమిటి?

బండలమిద్దె
బేతంచెర్ల దగ్గర నాపరాళ్ళ పాలిష్ యూనిట్ నడుపుతున్నాను, రోజూ లోడ్ల లెక్క చూసే మనిషిని కనుక మీ నలభై వేల జనాభాను చూడగానే చెయ్యి ఆగలేదు. మనిషికి రోజుకు అరకిలో గింజలు అనుకుంటే ఊరికి రెండు వందల క్వింటాళ్ళు కావాలి. ఎద్దులబండికి ఎనిమిది క్వింటాళ్ళు వేసినా రోజూ ఇరవై ఐదు బండ్లు కొండ ఎక్కాలి. అసలు సంగతి వంటచెరకులో ఉంది. ఇంటికి ఐదుగురు చొప్పున ఎనిమిది వేల ఇళ్ళు, ఇంటికి నాలుగు కిలోల కట్టెలు అనుకుంటే మూడు వందల ఇరవై క్వింటాళ్ళు, అంటే నలభై బండ్లు. అన్నం కంటే అన్నం వండే కట్టెలు ఎక్కువ బరువు తూగుతాయి. పదేళ్ళలో ఆ నల్లకొండ చుట్టూ ఒక్క చెట్టు మిగలదు, కట్టెల బండి నానాటికీ ఎక్కువ దూరం నుంచి రావలసి వస్తుంది, కట్టెల ధర పెరుగుతుంది. దీపాలు మంత్రంతో వెలుగుతున్నాయని రాశారు కదా, పొయ్యిలు ఎందుకు వెలగడం లేదని మీ చెల్లెలు రేపు అడుగుతుంది, సిద్ధంగా ఉండండి.

ఇంకో మాట. ఊరు దేనితో కట్టారో దగ్గరి గని చెబుతుంది. మా వైపు నేల మీద పరిచినవి బండలే, పైకప్పుకు కప్పినవి బండలే, దొడ్డి చుట్టూ నిలబెట్టిన కంచె బండలే, చివరికి పశువుల గాడికి కూడా బండలే. వేసవిలో మధ్యాహ్నం మూడింటికి ఆ బండల మీద చెప్పులు లేకుండా నాలుగడుగులు నడిస్తే ఊరు ఎటువంటిదో అరికాలికి తెలుస్తుంది. మీది నల్లరాతి నగరమని రాశారు కానీ పగలు ఎవరికైనా కాలు కాలినట్టు ఎక్కడా రాయలేదు.

హంద్రీగట్టు
బండలమిద్దె గారి లెక్క ప్రకారం రోజుకు అరవై ఐదు బండ్లు, నూట ముప్పై ఎద్దులు. అవి రాత్రికి ఎక్కడ కట్టేస్తారు, మేత ఎవరు అమ్ముతారు, విరిగిన ఇరుసును ఎవరు సరిచేస్తారు అని ఆలోచిస్తే కొండ కింద ఒక పేట దానంతట అదే పుడుతుంది. మా ఊరి పేరు వెనక చెప్పుకునే కథ కూడా ఇదే. ఆలంపురం గుళ్ళకు రాళ్ళు తోలే బండ్లవాళ్ళు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవారట, ఆ కందెన వల్లనే కందనవోలు, దాని నుంచే కర్నూలు. గుళ్ళు అవతలి ఒడ్డున కట్టారు, ఊరు ఇవతలి ఒడ్డున పెరిగింది. నగరాన్ని రాజు కట్టాడని రాయడం తేలిక, కానీ నమ్మించేది ఆ కందెన గిన్నె.

నీలశిల పేరు బాగానే ఉంది గానీ అది కవి పెట్టిన పేరు, బండివాడు పెట్టిన పేరు కాదు. లోపలి పేటల పేర్లయినా పనివాళ్ళను పెట్టనివ్వండి. మాకు బుధవారపేట ఉంది, అనంతపురం వైపు కొత్తచెరువు ఉంది, ఆ కొత్తచెరువు ఎప్పటికి పాతదవుతుందో నాకు తెలియదు.

గుత్తి_పాసింజరు
కొత్తబస్టాండు ప్రతి ఊళ్ళోనూ అంతే, తుప్పు పట్టినా కొత్తదే.

కడపగడప
వేసవి సెలవుల్లో మా అక్క పిల్లలకూ వాళ్ళ స్నేహితులకూ ఆట నడుపుతాను, కాబట్టి నా ఆటగాళ్ళు పదకొండేళ్ళవాళ్ళు. పై లెక్కలన్నీ చదివి ఆనందించాను కానీ ఒక్క విషయంలో మాంత్రికుడు గారి పక్షాన నిలబడతాను. అరవై ఐదు బండ్ల సంగతి ఆట నడిపే మనిషి నోటుబుక్కులో ఉండాలి, నోట్లో ఉండకూడదు. కట్టెలు ప్రియమయ్యాయని నేను ఉపన్యాసం ఇస్తే పిల్లలు లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళిపోతారు. ఒక ముసలమ్మ సగం కాలిన కట్టెను నీళ్ళు చల్లి ఆర్పి, రేపటికని మూలన దాచుకుంటుంటే చూశారని చెబితే, ఎందుకలా దాచుకుంటోందని వాళ్ళే అడుగుతారు. అడిగిన తరువాత చెప్పినది గుర్తుంటుంది.

మాటతీరు కూడా ఖర్చు లేని సరుకు. కోటలోపలివాళ్ళు "ఎక్కడికి వెళ్తున్నారు" అనీ, కింది పేటవాళ్ళు "యాడికి పోతాండారు" అనీ అంటే రెండు మాటల్లో ఊరు రెండుగా చీలిపోతుంది. నా ఆటలో ఒక గూఢచారి కింది పేటవాడిలా వేషం వేసుకుని "దుకాణం" అన్నాడు, అక్కడివాళ్ళందరూ "అంగడి" అంటారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు పట్టేశాడు. ఆ రోజు వాడి ముఖం చూడవలసింది.

దేవుళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక అది కూడా చెబుతాను. ఊహానగరాల్లో రెండు మతాలుంటే తప్పకుండా కొట్టుకుచస్తుంటాయి, అది రాసేవాడి సోమరితనం. మా దేవునికడప గుడికి ఉగాది నాడు ముస్లిములు కుటుంబాలతో వచ్చి పూజ చేసుకుంటారు, అమీన్ పీర్ దర్గాకు అన్ని మతాలవాళ్ళూ వెళతారు. ఇటువంటి ఆచారం ఒక్కటి పెట్టినా, దాని వెనక ఒక కథ ఉండి ఉంటుందని ఆటగాళ్ళకు అనిపిస్తుంది.

మూడోతరం_మాంత్రికుడు
కడపగడప గారు నా పక్షమని చెప్పి నన్నే ఓడించారు. అయినా నా భయం ఎక్కడిదో చెప్పాలి. ఆరేళ్ళ కిందట నేనూ ఇలాగే ఒక రేవుపట్నం కట్టాను. ముప్పై రెండు వృత్తి సంఘాలు, ఒక్కొక్క దానికి జెండా, పెద్ద, గుప్తనిధి, నూట పది పేజీల నోట్సు తయారయ్యాయి. ఆటగాళ్ళు ఊళ్ళో దిగి మొదటి పూటకూళ్ళ ఇంట్లో అన్నం తిన్నారు, కూర బాగాలేదని గొడవ పెట్టుకున్నారు, గొడవలో దీపం పడి ఇల్లు అంటుకుంది, ఆ రాత్రికే పడవెక్కి పారిపోయారు. ముప్పై రెండు సంఘాల్లో వాళ్ళకు తెలిసినది ఒక్క వంటమనిషి. ఆ నోట్సు ఇప్పటికీ మా ఇంట్లో బియ్యం డబ్బా కింద ఎత్తుకోసం ఉంది.

కపిలబావి
మాంత్రికుడు గారూ, తప్పు నూట పది పేజీలది కాదని నా అనుమానం. ముప్పై రెండు సంఘాలూ దేనికి కొట్లాడుకుంటున్నాయో ఒక్కటే వస్తువు ఉండి ఉంటే, అది ఆ వంటమనిషి కూరలో కూడా కనిపించేది. కట్టెలు దొరకని ఊళ్ళో పూటకూళ్ళ ఇల్లు అంటుకుంటే జనం మంట ఆర్పడానికి పరుగెత్తుతారా, కాలుతున్న దూలాలను లాక్కుపోవడానికి పరుగెత్తుతారా?

మూడోతరం_మాంత్రికుడు
ఈ ప్రశ్న ఆరేళ్ళ కిందట అడగవలసింది.

పెన్నేటి_ఇసుక
ఇంతవరకు అందరూ నిలకడగా ఉన్న ఊరి గురించి మాట్లాడారు. మన సీమ చరిత్రలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేవి కుదుటపడని ఊళ్ళు. 1565లో తల్లికోట దగ్గర ఓడిన తరువాత విజయనగర రాజులు పెనుగొండకు తరలివచ్చారు. ఉన్న ఊరి మీద ఒక ఆస్థానం వచ్చి పడితే ఇళ్ళ బాడుగలు, గడ్డి ధర, స్థానిక దొర మనసు, ఇవన్నీ ఏమయి ఉంటాయో ఊహించండి. అంత దూరం పోనక్కర లేదు, 1953 అక్టోబరులో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు కట్టడాలు చాలక కొన్ని కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. 1956 నవంబరుకల్లా రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. మూడేళ్ళు రాజధానిగా ఉండి మానేసిన ఊరు ఏ ఆటలోనూ నాకు కనపడలేదు. రాజు వెళ్ళిపోయాక ఖాళీ అయిన గుడారాల మైదానం, మళ్ళీ వస్తారని బోర్డు తీయని అంగడివాడు, ఇవి ఏడు ప్రాకారాల కంటే నమ్మదగినవి.

ఋతువు కూడా మరచిపోవద్దు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి వైపు చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతకడం మీరు చూసే ఉంటారు. ఎక్కడెక్కడి నుంచో మూటాముల్లెతో వచ్చి చెట్ల కింద పడుకుంటారు. కొనే వ్యాపారి వస్తాడు, అతని దళారీ వస్తాడు, టీ బండి వస్తుంది, విత్తనం వేసుకోవలసిన రైతు మాత్రం చేను తొక్కేస్తున్నారని మొత్తుకుంటాడు. రెండు నెలల తరువాత అక్కడ ఎవరూ ఉండరు. ఆటగాళ్ళు ఒకే ఊరికి రెండు ఋతువుల్లో వెళ్ళినప్పుడు ఊరు మారి కనపడితే, వాళ్ళు లేనప్పుడు కూడా అది బతికే ఉందని నమ్ముతారు.

హంద్రీగట్టు
ఋతువు అన్నారు కాబట్టి నా సొంత సంగతి ఒకటి రాస్తాను. 2009 అక్టోబరు వరదలో మా పాతబస్తీ ఇల్లు మునిగింది. అంతకుముందు మా వీధి ఎత్తులో ఉందో పల్లంలో ఉందో నాకు తెలియదు, ఇరవై ఏళ్ళు అదే వీధిలో నడిచాను. నీళ్ళు వచ్చిన రాత్రి ఎవరి అరుగు ముందు మునిగింది, ఎవరి మిద్దె మీద ఎంతమంది ఎక్కారు, ఏ ఇంటివాళ్ళు తాడు విసిరారు, ఎవరు తలుపు తీయలేదు, అదంతా ఊరికి అసలు మ్యాప్ అయింది. గోడ మీద బురద గీత మా అమ్మ తల కంటే జానెడు పైన ఉండేది. రెండుసార్లు సున్నం కొట్టించినా వర్షాకాలం రాగానే ఆ గీత చెమ్మగా పైకి తేలేది. తలుపు తీయని ఇంటివాళ్ళతో మా వీధిలో ఇప్పటికీ కొందరు మాట్లాడరు. మీ నగరంలో ఏదో ఒక గోడ మీద అటువంటి గీత పెట్టండి, అది ఏ సంవత్సరానిదో ఎవరూ వివరించనక్కర లేదు.

బండలమిద్దె
హంద్రీగట్టు గారు రాసినది చదివాక నా ఎద్దుల లెక్క ఎందుకు రాశానా అనిపించింది.

కడపగడప
ఆ లెక్క లేకపోతే కట్టెను ఆర్పి దాచుకునే ముసలమ్మ నాకు తట్టేది కాదు, బాధపడకండి.

ఆదివారం_పాచికలు
రెండు ఆదివారాలు గడిచాయి కనుక జరిగినది చెప్పాలి. వంశవృక్షాన్ని పక్కన పెట్టేశాను. జనాభాను నలభై వేల నుంచి ఆరు వేలకు తగ్గించాను, ఎందుకంటే మనిషికి రోజుకు ఇరవై లీటర్ల చొప్పున నలభై వేలమందికి ఏడాదికి లెక్క వేస్తే రెండు మీటర్ల లోతున ముప్పై ఆరు ఎకరాల చెరువు కావలసి వచ్చింది, అది కూడా ఎండకు ఆవిరయ్యేదాన్ని, నేలలో ఇంకేదాన్ని వదిలేస్తే. అంత చెరువు కొండ మీద ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. ఇప్పుడు చెరువు కొండ కింద ఉంది, దాని కట్ట సరిగ్గా రెండు రాజ్యాల పొలిమేర మీద పడింది. కపిలబావి గారు చెప్పిన దోషాన్ని అలాగే వాడుకున్నాను. తూము ఇవతలి రాజ్యంలో ఉంది, చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే మరవ అవతలి రాజ్యంలో ఉంది. నీళ్ళను కొండ పైకి ఎక్కించే మంత్రం తెలిసిన నీరుగంటి ఒక్కతే ఉంది, ఆమెకు ముసలితనం వచ్చింది, రోజూ కాస్త తక్కువ ఎత్తుకు నీళ్ళు ఎక్కుతున్నాయి.

ఆ చివరి సంగతిని నోటితో చెప్పలేదు. ఏడో ప్రాకారం లోపలి తొట్టిలో పాచి గీత ఒకటి పైన ఎండిపోయి ఉందని, నీటి మట్టం దానికి జానెడు కింద ఉందని మాత్రం చెప్పాను. ఆటగాళ్ళు కత్తులు పక్కన పెట్టి కిందికి ఒక్కొక్క ప్రాకారంలోని తొట్టినీ కొలుచుకుంటూ దిగారు. నాలుగో ప్రాకారం దగ్గరికి వచ్చేసరికి ఒకడు "పైనున్నోళ్ళు ఇంగ కిందికి దిగాల్సిందే, కిందోళ్ళు జాగా ఇస్తారా?" అన్నాడు. అప్పటికి చీకటి పడింది, మా అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది, ఎవరూ లేవలేదు.

మాంత్రికుడు గారి కోసం ఒక మాట: రాక్షసుణ్ణి కూడా పెట్టాను. చెరువులో ఉన్నాడు. ఇంతవరకు ఎవరికీ అతని అవసరం పడలేదు.

మూడోతరం_మాంత్రికుడు
పాపం, ఆ రాక్షసుడికి మా ఆటలో ఖాళీ ఉంది, పంపించండి. బియ్యం డబ్బా కింది నోట్సు నిన్న బయటికి తీశాను, ముప్పై రెండు సంఘాల్లో ముప్పై కొట్టేశాను. మిగిలినవి కట్టెలవాళ్ళు, పూటకూళ్ళవాళ్ళు.

గుత్తి_పాసింజరు
బియ్యం డబ్బా ఇప్పుడు దేని మీద నిలబడుతోంది?

కపిలబావి
పాచికలు గారూ, నీరుగంటి తరువాత ఆ పని ఎవరికి వస్తుందో నిర్ణయించారా? మన ఊళ్ళలో అది సాధారణంగా ఇంటి వరసన వచ్చేది.

ఆదివారం_పాచికలు
నేను నిర్ణయించలేదు, మా చెల్లెలు నిర్ణయించింది. విలుకాడి పాత్ర కాగితాన్ని చింపేసి కొత్త కాగితం మీద "నీరుగంటి మనవరాలు, మంత్రం ఇంకా రాదు" అని రాసుకుని వచ్చింది. బావి ఎన్ని అడుగులో మాత్రం మళ్ళీ అడిగింది. చెరువు ఉంది కదా అంటే, "ఎండితే?" అంది.